ఏం కాదని చెప్పకు మామా

బోధన్ చుట్టుపక్కల, నిజాంసాగర్ కాలువ కింద సాగయ్యే ఊళ్లలో ఓసీడీ అన్న మాట వినని కుర్రకారు ఇప్పుడు లేరు. 2017 దసరాకు వచ్చిన ‘మహానుభావుడు’ సినిమా ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. మాటతో పాటు నవ్వునూ చేర్చింది. వదలని భయం, ఆగని అలవాటు కలిసిన ఆ జబ్బుకు వైద్యం ఉందని, అది గోలీ ఒక్కటే కాదని, మనిషిని కూర్చోబెట్టి నేర్పే పద్ధతి ఒకటుందని మాత్రం చేరలేదు. ఆ పద్ధతి ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. భయపెట్టేదాని ఎదుటికి మెట్టుమెట్టుగా వెళ్లడం, వెళ్లాక అలవాటైన కడుగుడు, చూసుడు, అడుగుడు మానుకోవడం. చెప్పడానికి ఇంతే. కళ్లెదుట జరుగుతుంటే ఓర్చుకోవడం కన్నవాళ్లకు చాలా కష్టం.

ఆ కష్టం మీదే ఈ సంవాదం. మామ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసినవాడు. కోడలంటే ఆయన అక్క బిడ్డ, హైదరాబాదులో క్లినికల్ సైకాలజీ చదివి నిజామాబాద్‌లో కొలువు చేస్తోంది. మామ చిన్న కొడుక్కి ఇరవై నాలుగేళ్లు. పొలానికి కొట్టే పురుగుమందు తన చేతులకు అంటుకుందని, ఆ చేతులతో ముట్టుకుంటే అక్క కొడుకు చనిపోతాడని అతని భయం. రోజులో సగం నల్లా దగ్గరే గడుస్తుంది. సొంతవాళ్లకు తాను వైద్యం చేయకూడదు కాబట్టి కోడలు అతన్ని వేరే సైకాలజిస్టు దగ్గరికి పంపింది. కొన్ని వారాలు నడిచాక మామ ఇక ఆపేస్తానన్నాడు. నేను ఎవరి పక్షమో దాచను, కోడలి పక్షమే. అయినా మామ అడిగినవాటిలో తీసిపారేయదగ్గ ప్రశ్న ఒక్కటీ లేదు.

మామ: వద్దు బిడ్డా. రేపటి నుంచి పోరన్ని పంపను. నిన్న నా కండ్లతోని చూసిన. కొట్టంల మందు కొట్టే తైవాన్ పంపు ఉంటది గదా, దాన్ని రెండు చేతులతోని పట్టుకోవాల్నట. పట్టుకున్నడు. నల్లా కాడికి పోవద్దట. పోలే. అరుగు మీద కూసొని గజగజ వణికిండు. వేళ్లు ముక్కు కాడికి తీస్కపోతడు, వాసన చూడబోతడు, మళ్ల ఆపుకుంటడు. మీ అత్త చెంబు పట్టుకొని గడప కాడ నిలవడి ఏడుస్తున్నది. గిది వైద్యమా? దొంగల్ని పట్టినోళ్లు కూడ గిట్ల సతాయించరు.

కోడలు: ఎంతసేపు వణికిండు?

మామ: గడియారం ఎవరు చూసిన్రు? అద్దగంట అనుకో.

కోడలు: వాడు చూసుకున్నడు. నోట్‌బుక్కుల రాసుకొని నాకు ఫోటో పంపిండు. పంపు పట్టుకున్నప్పుడు భయం నూటికి 85. పది నిమిషాలకు కూడ 85. ఇరవైకి 80. ముప్పైకి 60. యాభై నిమిషాలకు 35. చేతులు కడగలే, నిన్ను అడగలే, అయినా దిగింది. ఇన్నేండ్లల్ల వానికి గిది తెలిసే మోక దొరకలే మామా. భయం 85 మీద ఉన్నప్పుడే అత్త నీళ్లు పోస్తది. నీళ్లతోనే దిగిందని వాడు నమ్ముతడు.

మామ: రేపు దిగకపోతే?

కోడలు: దిగకపోయినా నష్టం లేదు. భయం ఉండంగనే బువ్వ తినొచ్చు, ఫోన్ మాట్లాడొచ్చు, పొలం పోవచ్చు అని తెలిస్తె చాలు. అసలు నేర్చుకునేది గదే.

మామ: నువ్వు భయం లెక్క చెప్తున్నవ్, నేను విషం సంగతి అడుగుతున్న. పురుగుమందు విషమేనాయె. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉన్నదంటె ప్రాణం తీసేదే. దానికి భయపడుడు జబ్బెట్లయితది? భయం లేకుంట కొట్టినోళ్లే దవాఖానల పడుతున్నరు.

కోడలు: నువ్వన్నది ముమ్మాటికి నిజం. ఎర్ర త్రికోణం అన్నిటికన్న గండం, తర్వాత పసుపుది, నీలంది, ఆకుపచ్చది. మందు కొట్టేటప్పుడు చేతులకు తొడుగు, మూతికి గుడ్డ, గాలి ఎటు వీస్తున్నదో చూసుకునుడు, కొట్టినంక సబ్బుతోని స్నానం, ఆ బట్టలు వేరుగ ఉతుకుడు. దీన్ని మానుకొమ్మని చెప్పే థెరపిస్టు ఉంటె ఆ థెరపిస్టునే మార్చాలె. నిన్న వాడు పట్టుకున్న పంపు ఎసొంటిది?

మామ: పోయిన పంటకు కొట్టింది. కడిగి, ఎండబెట్టి, కొట్టంల పెట్టినం.

కోడలు: దాన్ని జరిపి నువ్వు చాయ్ తాగవా?

మామ: తాగుత. చేతులు కడుక్కొని తాగుత.

కోడలు: ఎన్నిమాట్లు కడుక్కుంటవ్?

మామ: ఒక్కమాటు. ఎన్నిమాట్లు కడుగుతరు?

కోడలు: వాడు సబ్బు సగం అరిగేదాక కడుగుతడు. కడిగినంక నల్లా తిప్పుడు ముట్టుకున్న అని మళ్ల మొదటికొస్తడు. అందుకనే అత్త నల్లా తిప్పుతది, అత్త చెంబుతోని పోస్తది. ఊళ్లె మామూలు మనిషి మామూలుగ చేసే పనులనే ఈ వైద్యంల మెట్లుగ పెడ్తరు. మందు డబ్బా మూత తియ్యమని ఎవ్వరు చెప్పరు. ఇప్పుడు ఒక్కమాటు కూడ కడగొద్దన్నది ఈ వైద్యం నడిచే వారాలకే. తర్వాత నీ లెక్కకే వస్తడు, ఒక్కమాటు కడుక్కొని చాయ్ తాగుతడు.

మామకు ఇక్కడ కొంత ఊపిరి ఆడింది. కానీ ఆయన మనసులో అసలున్నది పంపూ కాదు, నల్లా కాదు. గొంతు తగ్గించి అడిగాడు.

మామ: ఒక మాట అడుగుత, మీ అత్తకు చెప్పకు. చిన్న పిల్లగాడు నా వల్ల సచ్చిపోతడు, నా వల్ల సచ్చిపోతడు అని పగలు రాత్రి అంటడు. వాని మనసుల ఏమన్న చెడ్డ బుద్ధి ఉన్నదా బిడ్డా? వానికి మనుమన్ని ఇయ్యాల్నంటె నాకే లోపల ఒక రకంగ ఐతున్నది.

కోడలు: అడిగి మంచి పని చేసినవ్. నువ్వు నోట అనకున్నా వాడు నీ చూపుల కనిపెట్టిండు, నాకు చెప్పి ఏడ్చిండు. విను. 1978ల రాక్‌మన్, డి సిల్వా అని ఇద్దరు సైకాలజిస్టులు ఏ జబ్బు లేనోళ్లను అడిగితే, అందుల దాదాపు 80 శాతం మంది ఇసొంటి పాడు ఆలోచనలు మాకు కూడ వస్తయన్నరు. 2014ల 13 దేశాలల్ల 777 మంది కాలేజీ పిల్లలను అడిగిన్రు. గడిచిన మూడు నెలల్ల ఒక్కటన్న గిట్ల వచ్చిందన్నోళ్లు 94 శాతం. రైలు వస్తుంటె దూకితే ఎట్లుంటది అని, పసిపిల్లను ఎత్తుకుంటె జారవిడుస్తనేమొ అని. నీకు రాలేదా ఎన్నడు?

మామ: (కాసేపు ఆగి) వచ్చింది. నా బిడ్డ పుట్టినప్పుడు బాయి కాడ.

కోడలు: ఏం చేసినవ్?

మామ: ఏం చేస్త? ఛీ అనుకొని ఇంట్లకొచ్చిన.

కోడలు: నీకది వచ్చి పోయింది. వాడు దాన్ని పట్టుకొని, ఈ ఆలోచన వచ్చిందంటె నేను ఎసొంటోణ్ణి అని తవ్వుతడు. మేనల్లుని మీద పాణం పెట్టుకున్నడు కాబట్టే ఆ ఆలోచన వానికి అంత కాలుతది. వాడు పిల్లగాన్ని ముట్టుకోక ఎన్ని నెలలయింది? పిల్లగానికి దూరమై వాడు కాపాడుతున్ననని అనుకుంటున్నడు. ఓసీడీ పట్టుకునేది మనిషికి ఏది ముద్దో గదే.

ఈ ఒక్క భాగం మా జిల్లాలో ప్రతి తండ్రికీ, ప్రతి అత్తకూ చదివి వినిపించాలని నాకుంది. చెడ్డ ఆలోచన వచ్చిందని చెప్పుకున్న కొత్త కోడలిని, పసిబిడ్డ తల్లిని, దేవుడి గుళ్లో బూతు మాట మనసులో మెదిలిందని ఏడ్చిన పూజారి కొడుకును మనవాళ్లు దయ్యం అన్నారు, పాపం అన్నారు. తల్లి దగ్గర బిడ్డను లాక్కున్నవాళ్లూ ఉన్నారు. తర్వాత సంవాదం మామ పని దగ్గరికి వచ్చింది.

మామ: ఇంకొక లెక్క చూడు. నేను ల్యాబుల బతికినోణ్ణి. చెరకు రసం బ్రిక్స్ చూసిన, పోల్ చూసిన. ఒక్క రీడింగు తోని రాస్తె పైన ఉన్నోళ్లు ఒప్పుకునేటోళ్లు కాదు, మళ్ల చూడుమనేటోళ్లు. మళ్ల చూసుకునుడు మంచి గుణం. అది నా దగ్గర్నుంచే వానికి వచ్చిందేమొ.

కోడలు: రెండోమాటు చూసినంక?

మామ: రెండు కలిస్తె రిజిస్టర్ల రాసేటోణ్ణి.

కోడలు: రాసినంక?

మామ: అయిపాయె. ఇంకో శాంపిల్.

కోడలు: వానికి రిజిస్టర్ల రాసుడు లేదు మామా. రీడింగు సరిగ్గనే వస్తది, నమ్మకం రాదు. మళ్ల చూస్తే నమ్మకం వస్తదనుకుంటడు, ఇంకింత పోతది. 2003ల నెదర్లాండ్స్‌ల వాన్ డెన్ హౌట్, కింట్ అని ఇద్దరు దీన్ని పరీక్ష పెట్టి చూసిన్రు. కంప్యూటర్ల గ్యాస్ పొయ్యి బొమ్మ పెట్టి, ఏ జబ్బు లేనోళ్లతోని బంద్ చేపిచ్చి, మళ్ల మళ్ల చూసుకొమ్మన్నరు. మళ్ల మళ్ల చూసినోళ్లకు యాది తప్పలేదు, ఏ పొయ్యి బంద్ చేసినమో సరిగ్గనే చెప్పిన్రు. కాని ఆ యాది మసకబారింది, దాని మీద భరోసా పోయింది. మంచిగున్నోళ్లకే గట్లయితె వాని గతేంది?

మామ: చూసినకొద్ది అనుమానం పెరుగుతదన్నట్టు.

కోడలు: అన్నట్టు కాదు, అదే.

మామ: సరే, వాడు కడగొద్దు, చూడొద్దు. మరి మా నోరెందుకు కట్టేస్తున్నరు? “బాపూ, నా చేతులకు ఏం లేదు గదా” అని అడుగుతడు. ఏం లేదు కొడుకా, ఏం కాదు అంటె తప్పా? కన్నతండ్రి కాకుంటె ఎవడు చెప్తడు ఆ మాట?

కోడలు: మొదట్ల ఒక్కమాటు చెప్తె సరిపోయేదా?

మామ: సరిపోయేది. వాడు ఇంటర్ చదివేటప్పుడు.

కోడలు: తర్వాత?

మామ: తర్వాత రెండు మాట్లు, మూడు మాట్లు. తర్వాత కండ్లల్ల చూసి చెప్పుమనేటోడు. ఇప్పుడు ఒట్టు పెట్టుమంటడు. మొన్న మనుమని తల మీద చెయ్యి పెట్టి చెప్పుమన్నడు. నేను పెట్టలే. మీ అత్త పెట్టింది.

కోడలు: పెట్టినంక ఎంతసేపు నిమ్మళంగ ఉన్నడు?

మామ: (జవాబు లేదు.)

కోడలు: కోపానికి రాకు మామా. ఇంట్ల అందరు వాని మీద ప్రేమతోనే చేస్తున్నరు, కాని అత్త పోసే నీళ్లు, నువ్వు చెప్పే ‘ఏం కాదు’ రెండు ఒక్కటే పని చేస్తున్నయ్. వానికి ఐదు నిమిషాలు సల్లబడ్తది. బాపు చెప్పిండు కాబట్టి గండం తప్పింది అని మనసు నేర్చుకుంటది. ఇంకోమాటు భయం వస్తె బాపు లేంది ఎట్ల అంటది. వాడు ఒక్కడు చేసే కడుగుడు ముగ్గురి పని అయింది. అత్త ఊరికి పోక ఎన్ని దినాలయింది? పోయిన నెల పెద్దమ్మ బిడ్డ పెండ్లికి కూడ రాలే.

మామ: అయితె ఏం అనాలె? రాయిలెక్క కూసోవాల్నా?

కోడలు: కాదు. “నీకు భయమైతున్నదని తెలుస్తున్నది. దీనికి జవాబు చెప్పనని మనం మాట అనుకున్నం. నేను నీ పక్కకే కూసుంట” అను. కూసో. చాయ్ తాగుమను. పొలం ముచ్చట చెప్పు. వాన్ని తిట్టొద్దు, ఎగతాళి చెయ్యొద్దు, లెక్చర్ ఇయ్యొద్దు. జవాబు ఒక్కటే ఇయ్యొద్దు.

మామ: ఏం కాదని నాకు తెలుసు. తెలిసి చెప్పకుంటె అబద్ధం కాదా?

కోడలు: నూటికి నూరు తెలుసా? వాడు అడిగేది నూటికి నూరు. ఏ తండ్రి దగ్గర లేదది. నువ్వు, నేను, ఈ ఊరోళ్లందరం తొంభైతొమ్మిది తోనే అన్నం తింటున్నం. ఆ మిగిలిన ఒక్కటి తోని బతకనీకె వానికి కూడ వస్తది. మనం జవాబు ఇచ్చినన్ని దినాలు రాదు.

మామ: వాడు ఒప్పుకున్నడా దీనికి? మీరు మీరే అనుకొని వాని మీద పెడ్తున్నరా?

కోడలు: వాడు ఒప్పుకోంది ఏదీ జరగలే. మెట్లు వాడే రాసిండు. కొట్టం తలుపు కాడ నిలవడుడు, ఇరవై. గొళ్లెం ముట్టుకునుడు, నలభై. పంపు పట్టుకునుడు, ఎనభై ఐదు. పంపు పట్టుకున్న చేతులతోని మంచం దుప్పటి, ఫోన్ ముట్టుకునుడు, తొంభై. మేనల్లున్ని ఎత్తుకునుడు, వంద. ఆ వంద కాడ వాడు రెండు గీతలు గీసిండు. “ఇది నేను చెయ్యాలె వదినా” అన్నడు. నువ్వు ఆపేస్తె వాడు ఎనభై ఐదు కాడ ఆగిపోతడు.

ఈ పద్ధతి పుట్టింది లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో. విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు 1966లో ఇద్దరు రోగుల కథ అచ్చు వేశాడు. అప్పట్లో ఓసీడీ అంటే నయం కానిదని డాక్టర్లే చేతులెత్తేసేవారు, ముదిరినవాళ్లకు మెదడు కోత దాకా ఆలోచించేవారు. మేయర్ నర్సులను మేలుకున్నంతసేపూ పక్కన ఉంచి, వాళ్లలో ఒకరికి గదిలో నల్లా బంద్ చేయించి, కడగకుండా ఆపాడు. ఆ ఇద్దరికీ జబ్బు బాగా తగ్గింది. కోడలు ఈ సంగతి చెప్పగానే మామ పట్టుకున్నాడు.

మామ: చూసినవా, నల్లా బంద్ పెట్టిన్రు. బలవంతమే గదా!

కోడలు: ఆనాడు గట్లనే చేసిన్రు, ఇయ్యాల చెయ్యరు. నల్లా మనం బంద్ పెడ్తె వాడు నేర్చుకునేది ఏం లేదు, వేరే ఊరికి పోతె అక్కడ నల్లా ఉంటది. నల్లా పక్కన ఉండంగ వాడు పోకపోవాలె. మన దేశంల 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడ రోగికి అంతా చెప్పి, ఒప్పుకుంటెనే వైద్యం అంటది.

మామ: నాకు ఇంకోటి అనిపిస్తది. వేరు తియ్యకుంట కొమ్మలు నరుకుతున్నరు. 1937ల పెట్టిన ఫ్యాక్టరీ, ఆసియాలనే పెద్దదనేటోళ్లు. 2015 డిసెంబర్ల మూసేసిన్రు. నా జీతం బంద్. ఇంట్ల రోజు లొల్లి. పోరడు అప్పుడు పద్నాలుగేండ్లోడు, అన్ని చూసిండు. అది కాదా కారణం? దాన్ని అడగకుంట పంపు పట్టుకొ అంటె ఎట్ల?

కోడలు: ఆ దుఃఖం నిజం, వానిది, నీది కూడ. దాని గురించి మాట్లాడాలె, మాట్లాడుతున్నరు కూడ. కాని ఈ జబ్బు ఒక్క కారణం తోని రాదు మామా. పుట్టుకతోని కొంత, మెదడుల కొంత, జరిగినయి కొంత. కారణం దొరికినంత మాత్రాన కడుగుడు ఆగదు. మనసు లోతులు తవ్వుడే వైద్యం అన్న ఫ్రాయిడ్ అంతటోడు కూడ 1918ల బుడాపెస్ట్ సభల, ముదిరిన ఓసీడీకి ఊకె కూసొని ఎదురుచూస్తె పని కాదని ఒప్పుకున్నడు. ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తరో మన చేతుల లేదు. వాడు మేనల్లున్ని ఎత్తుకునుడు వాని చేతుల ఉన్నది.

మామ: మీ అత్త మడి కూడ జబ్బేనంటవా ఇంక? తడిబట్టతోని వండుతది, ఎవరిని ముట్టనియ్యది.

కోడలు: అత్త మడి కట్టుకొని, వండి, నైవేద్యం పెట్టి, తీరుబాటుగ తింటది. ఆమెకు అది మొదలు ఉన్నది, ముగింపు ఉన్నది, దాంతోని ఆమెకు శాంతి ఉన్నది. 2015 పుష్కరాలకు కందకుర్తి పోయినం గదా, మంజీర, హరిద్ర వచ్చి గోదాట్ల కలిసే కాడ. మూడు మునుగులు మునిగి బయటికొచ్చినం. సరిగ్గ మునగలేదేమొ అని నాలుగోది ఎవరు మునిగిన్రు? మన బోధన్ల మసీదు పెద్దల్ని అడుగు, నమాజుకు ముందు చేసే వజూల ఒక్కొక్కటి మూడుమాట్లకు మించి కడగొద్దనే చెప్తరు, వస్వాసాను, అంటె ఆ పాడు అనుమానాన్ని, పట్టించుకోవద్దంటరు. ఏ మతమైనా ఆగే కాడ ఆగుమనే చెప్తది. వానికి ఆగే జాగ కనపడ్తలేదు. భక్తి మీద మాకు తగాదా లేదు. ఏది మామూలో తెల్వకుంటె ఆ రోగి ఇంటి పూజారినో, మౌల్వీనో అడిగి తెలుసుకొనే మెట్లు రాస్తం.

మామ: గోలీ లేదా దీనికి? గోలీ ఏస్తె పోయేదానికి గింత గోస ఎందుకు? ఒక్కటి చెప్త, పోయిన నెల నేనే ఒక సీస కల్లు తాగిపిచ్చిన. పొద్దుగాల దాక పండిండు, కడుగుడు లేదు, అడుగుడు లేదు.

కోడలు: మామా, ఆ పని మళ్ల చెయ్యకు, కాళ్లు మొక్కుత. మన జిల్లా కల్లుల ఏం కలుపుతరో నీకు తెల్వదా? క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలమ్. 2020 లాక్‌డౌన్ల దుకాణాలు బంద్ అయితె ఫిట్స్ వచ్చి, మతి తప్పి ఎంతమందిని మన నిజామాబాద్ పెద్ద దవాఖానకు తెచ్చిన్రో చూసినం. వాడు పన్నది మత్తుల. ఆ రకం మందులు ఓసీడీని తగ్గిస్తయని రుజువు లేదు. ఇంకొకటి, మత్తుల ఉండంగ చేసిన ఎక్స్‌పోజర్ తోని నేర్చుకునేది కూడ పెద్దగ ఉండదు. ఇయ్యాల భయం పోయింది అనుకుంటడు, రేపటికి కల్లు ఉంటేనే పోతదనుకుంటడు. ఓసీడీ పోరనికి ఇంకో జబ్బు తోడైతది.

మామ: (తల దించుకుని) తెల్వక చేసిన.

కోడలు: గోలీలు ఉన్నయ్, మంచియే. ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ అసొంటియి. డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్న ఎక్కువ మోతాదు కావాలె, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఏసుకుంటెగాని పనిచేసిందీ లేందీ తెల్వదు. పది దినాలకు లాభం లేదని మానేసేటోళ్లే మన కాడ ఎక్కువ. మన దేశ సైకియాట్రీ సొసైటీ 2017ల రాసిన మార్గదర్శకాలల్ల కూడ మొదటి వరుసల ఈ గోలీలను, ఈ రకం థెరపీని రెండిటినీ పెట్టిన్రు. ముదిరితె రెండు కలిపి ఇస్తరు. చిన్నోనికి సైకియాట్రిస్టు ఇచ్చిన గోలీ నడుస్తనే ఉన్నది, ఆపొద్దు. కాని గోలీ ఒక్కదాని మీద ఉండి మానేసినోళ్లకు జబ్బు తిరిగొచ్చుడు ఎక్కువ. నేర్చుకున్నది అంత తొందరగ పోదు.

మామ: మాటలతోని, కూసునుడుతోని మెదడు మారుతదా?

కోడలు: 1992ల అమెరికాల బ్యాక్‌స్టర్ అనే డాక్టరు మెదడు స్కాన్ తీసి చూసిండు. కొందరికి ఫ్లూక్సెటిన్ ఇచ్చిండు, కొందరికి ఒట్టి బిహేవియర్ థెరపీ. బాగైనోళ్లల్ల రెండు గుంపులకు మెదడుల కాడేట్ అనే భాగంల పని ఒక్క తీరుగనే తగ్గింది.

మామ: ల్యాబోణ్ణి, నాకు ఒట్టి ముచ్చట వద్దు. నూటికి ఎంతమందికి నయమైతదో చెప్పు.

కోడలు: 2005ల ఎడ్నా ఫోవా అనే ఆమె, ఆమె తోటోళ్లు అచ్చేసిన పరీక్ష. 122 మంది. ఒక గుంపుకు ఈఆర్‌పీ, ఒక గుంపుకు క్లోమిప్రమిన్ గోలీ, ఒక గుంపుకు రెండు, ఇంకో గుంపుకు మందు లేని ఉత్త గోలీ. ఈఆర్‌పీ పూర్తి చేసినోళ్లల్ల 86 శాతం మందికి మంచి గుణం కనపడ్డది.

మామ: ఆగు. పూర్తి చేసినోళ్లల్ల అన్నవ్. మధ్యల పోయినోళ్లను కలిపితె?

కోడలు: (నవ్వి) పట్టుకుంటవని తెలుసు. కలిపితె 62. గోలీకి 42. రెండు కలిపిన గుంపుల 70. ఉత్త గోలీకి 8.

మామ: అంటె నూటికి 38 మందికి పని చెయ్యలే. గింత ఏడ్పిచ్చి, చివరికి వాడు ఆ 38ల పడితె?

కోడలు: పడొచ్చు. నేను నీకు నూటికి నూరు ఇయ్యను, వానికి ఇయ్యొద్దని చెప్పి నీకెట్లిస్త? కాని ఏం చెయ్యకపోతె ఎట్ల నడుస్తదో నువ్వు ఇన్నేండ్లు చూసినవ్. మొదటి కొన్ని వారాలల్లనే మధ్యల పోయేటోళ్లు ఎక్కువ పోతరు, ఎందుకంటే కష్టమంతా ఆడనే ఉంటది, ఇంటోళ్లు చూడలేక ఆపేస్తరు. ఇప్పుడు నువ్వున్నది సరిగ్గ గదే జాగల. బ్రిక్స్ లెక్కనే దీనికీ కొలత ఉన్నది, వై-బాక్స్ అంటరు, పది ప్రశ్నలు, సున్నా నుంచి 40 దాక. మొదలుపెట్టినప్పుడు చిన్నోనిది 31. పోయిన వారం 26.

మామ: ఐదు దిగింది.

కోడలు: ఐదే దిగింది. పెద్దగ కాదు. కాని ఇంటర్ నుంచి ఇది ఎక్కుడే గాని దిగుడు లేదు.

మామ: ఆరు వారాలు చూస్త. వారం వారం రీడింగు నాకు చూపియ్యాలె.

కోడలు: రీడింగు వానిది. వాడు చూపిస్తె చూడు, అడిగి తీసుకోకు. అత్తకు నేను చెప్త, నువ్వు నీ నోరు చూసుకో.

మామ ఒప్పుకోలేదు, గడువు ఇచ్చాడు. ఇలాంటి ఇంట్లో అంతకన్నా ఎక్కువ ఒక్క పూటలో దొరకదు. ఆయన సందేహాల్లో ఒకటి మాత్రం కోడలు కూడా తీర్చలేనిది: ఈ వైద్యం చేసేవాళ్లు ఎక్కడున్నారు? నిజామాబాద్‌లో డాక్టర్ల వీధి అంటే ఖలీల్‌వాడి. అక్కడ గోలీ రాసే సైకియాట్రిస్టు దొరుకుతాడు, గంటసేపు పక్కన కూర్చుని మెట్లు ఎక్కించే మనిషి దొరకడం కష్టం. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. అది ఎంత మంచిదైనా, చేతులు కడుక్కోకుండా బస్సు ఎక్కలేని పిల్లవాడికి బోధన్ నుంచి హైదరాబాదే దూరం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి దాదాపు ఒకరికి, 0.8 శాతానికి, ఓసీడీ ఉంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. ఆ లెక్కను మన మీద వేసుకుంటే లక్ష మంది పెద్దవాళ్లు ఉన్న పట్టణంలో ఏడెనిమిది వందల మంది ఈ బాధలో ఉన్నట్టు. వాళ్ల చుట్టూ అన్ని ఇళ్లు.

చదువుతున్నవారిలో ఆ ఇళ్లవాళ్లు ఉంటారు. 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలిమానస్ అది, ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, ఈఆర్‌పీ నేర్చుకున్నారా అని అడగండి, మెట్లు మా పిల్లవాడితోనే రాయిస్తారా, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్తారా అని అడగండి. అడిగితే తప్పు పట్టుకునేవాడు దీనికి పనికిరాడు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం జట్టులో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు ఉండాలని ఆ కార్యక్రమం నిబంధనల్లోనే ఉంది. మీ జిల్లాలో ఆ కుర్చీలో మనిషి ఉన్నారా, ఉంటే ఆయనకు ఈ పద్ధతి నేర్పించారా అన్నది సర్కారును అడగవలసిన ప్రశ్న. ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు రోడ్డుతో పాటు దీన్నీ అడగండి.